తువ్వాలు లెక్క

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేసినప్పుడు, వ్రాయడానికి నా దగ్గర ఏముంది అనుకున్నాను. మిత్రులలో పలువురు పెద్ద పెద్ద పదవులు చేసినవారు. నేను ఉత్తరాంధ్ర సముద్రతీరంలో ఒక ప్రభుత్వ అతిథి గృహంలో 1972లో స్టోర్‌కీపరుగా చేరి, అటూ ఇటూ బదిలీలు తిరిగి, 2006లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నా సర్వీసులో ఎక్కువ భాగం దుప్పట్లు, తువ్వాళ్లు లెక్కపెట్టడంలోనే గడిచింది.

అయితే క్రిందటి నెలలో మా అమ్మాయి ఫోను చేసింది. విశాఖపట్నంలో వాళ్లకున్న రెండు గదుల ఫ్లాటును సెలవులకు వచ్చేవారికి రోజువారీ అద్దెకు ఇస్తున్నారట. "నాన్నా, నలుగురు మనుషులకు ఎన్ని తువ్వాళ్లు కొనాలి? పోయినవాటి డబ్బు ఎవరి దగ్గర పట్టుకోవాలి?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు జవాబు అప్పటికప్పుడు చెప్పాను. రెండో ప్రశ్నకు జవాబుగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పరుపు వెంట తీసుకెళ్లిన కాలం

బాటసారికి పక్క పరచి, ఒళ్లు తుడుచుకోవడానికి బట్ట ఇవ్వడం మన దేశంలో చాలా కొత్త ఆచారం. సత్రంలో నీడ ఉండేది, నీళ్లు ఉండేవి, కొన్నిచోట్ల అన్నం కూడా పెట్టేవారు. పక్కబట్టలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. పల్లకీలు, డేరాలు, పెద్ద పరివారంతో సాగిన ప్రయాణం అది. ఇల్లు మొత్తం వెంట కదిలి వెళ్లినట్లే. కలిగినవారి ప్రయాణం అలా ఉండేది. లేనివారికి భుజం మీది తుండుగుడ్డే తువ్వాలు, అదే తలగడ, అదే దుప్పటి.

1840ల నుంచి కుంఫిణీ ప్రభుత్వం పెద్ద రహదారుల వెంట డాక్ బంగళాలు కట్టించింది. టపా మోసేవారి మజిలీల వరుసలోనే ఇవీ వెలిశాయి. ఒక మంచం, బల్ల, కుర్చీ, వంటకు ఖాన్సామా, వచ్చినవారు సంతకం చేసి ఫిర్యాదులు వ్రాయడానికి ఒక పుస్తకం, ఇంతే అక్కడి సరంజామా. దొరగారైనా పరుపు తెచ్చుకోవలసిందే. తరువాత మన జిల్లాల్లో టి.బి. అని పిలుచుకున్న ట్రావెలర్స్ బంగళాలు కూడా చాలాకాలం ఇలాగే నడిచాయి.

రైలు వచ్చినా అంతే. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య తొలి బండి నడిచింది. ఆ తరువాత నూరేళ్లు దాటినా దూరప్రయాణం అంటే హోల్డాలే. మన తరంవారికి దానిని గురించి చెప్పనక్కరలేదు. మందపాటి కాన్వాసు గుడ్డ, రెండు తోలు పట్టీలు, రెండు కొసల జేబుల్లో చెప్పులు, సబ్బుపెట్టె, మడత నలిగిన పంచె. మా నాన్నగారు హోల్డాలు బిగిస్తుంటే దాని మీద కూర్చోవడం పిల్లలుగా మా డ్యూటీ. 1969 మార్చిలో హౌరా, ఢిల్లీల మధ్య తొలి రాజధాని ఎక్స్‌ప్రెస్ బయలుదేరింది. పోను పోను ఏ.సి. పెట్టెలన్నింటిలో పక్కబట్టలు ఇవ్వడం మామూలై, హోల్డాలు అటకెక్కింది. కరోనా కాలంలో, 2020 మార్చిలో, రైల్వేవారు దుప్పట్లు ఇవ్వడం ఆపేశారు. తిరిగి 2022 మార్చిలో మొదలుపెట్టారు. ఆ రెండేళ్లు జనం మళ్లీ ఇంటి నుంచి దుప్పటి మోసుకెళ్లారు. మా మనుమడు, "తాతయ్యా, అసలు హోల్డాలంటే ఏమిటి?" అని అడిగింది అప్పుడే.

టర్కీ టవలు, నల్లజీడి గుర్తు

మనం టర్కీ టవలు అనే మాటకు చరిత్ర ఉన్నది. హెన్రీ క్రిస్టీ అనే ఆంగ్లేయుడు టర్కీ దేశంలో ఉచ్చులు ఉచ్చులుగా నేసిన గుడ్డను చూసి ఇంగ్లండుకు తెచ్చాడు. శామ్యూల్ హోల్ట్ అనే ఆయన ఆ నేతకు యంత్రం తయారు చేశాడు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఆ గుడ్డను చూపారు. ఆ ఉచ్చులే నీటిని పీల్చుకునేవి. అందుకే టర్కీ టవలుకు గంజి పెట్టకూడదు, ఇస్త్రీ చేయకూడదు. ఉచ్చు లేచి వస్తే లాగకూడదు, కత్తెరతో కోయాలి. లాగితే వరుస మొత్తం వచ్చేస్తుంది.

మా స్టోరుకు వచ్చే టవళ్లు ఎక్కువగా షోలాపూరువి. అక్కడి మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన మన పద్మశాలీలు వేలాదిగా ఉన్నారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మహారాష్ట్ర నుంచి వచ్చిన సరుకని రిజిస్టరులో వ్రాసుకున్నాను గాని, నేసిన చేతులు మనవాళ్లవే.

ఇక ఉతుకు సంగతి. నేను చేరిన కొత్తలో యంత్రాలు లేవు. మా దోబీ ఉన్నాడు. బట్టలను చౌటినీళ్లలో నానబెట్టి, పిండి, బాన మీద పేర్చి రాత్రంతా ఉబ్బ వేసేవాడు. తెల్లవారి బండ మీద ఉతికి, దుప్పట్లకు నీలం, గంజి పెట్టి, ఇసుక తిన్నెల మీద ఆరవేసేవాడు. ఆవిరి, క్షారం, ఎండ, ఈ మూడూ కలిసి ఏ మందూ చేయలేని పని చేసేవి. అతిథి గృహాల్లో బట్టలు తెల్లగా ఉండడానికి కారణమూ ఇదే. తెల్లగుడ్డను ఎంతైనా ఉడకబెట్టవచ్చు, మరక ఉంటే దాగదు.

బట్టలు కలిసిపోకుండా ఉండేందుకు నల్లజీడి గుర్తు వేసేవాడు. నల్లజీడి గింజ రసంలో పుల్ల ముంచి, అంచున చుక్కలో గీతలో పెట్టి, పైన సున్నం రాస్తే నల్లగా పట్టేస్తుంది. గుడ్డ చిరిగినా గుర్తు పోదు. రసం చేతికి అంటితే పొక్కుతుంది. ఆయన వేలికొసలు ఎప్పుడూ పొక్కిపోయి ఉండేవి. మా బంగళా గుర్తు మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత.

99 రూపాయలు

1979 ఎండాకాలంలో వార్షిక తనిఖీ జరిగింది. పుస్తకం ప్రకారం ఉండవలసిన టవళ్లలో 11 తక్కువ వచ్చాయి. గదిలో ఇచ్చిన లెక్క నా దగ్గర ఉన్నది. దోబీకి వేసిన లెక్క ఉన్నది. కాని అతిథి ఖాళీ చేసి వెళ్లేటప్పుడు గదిలో ఎన్ని మిగిలాయో చూసుకునే పద్ధతే మాకు లేదు. పెద్దవాళ్లు దిగిన గదిలో తువ్వాళ్లు లెక్కపెట్టడం మర్యాద కాదనేవారు. అందుచేత తేడా వస్తే అది చివరి చేతి మీద పడుతుంది. చివరి చేయి దోబీది.

టవలు ఒక్కింటికి 9 రూపాయల చొప్పున 99 రూపాయలు ఆయన బిల్లులో కోయమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. కోత కాగితం వ్రాసింది నేను. "దోబీ వలన కలిగిన లోటు" అని రిజిస్టరులో వ్రాసిందీ నేనే. ఉతుకుడు కూలి అప్పుడు బట్టకు పావలా. అంటే దాదాపు 400 బట్టలు ఉతికిన కష్టం ఒక్క సంతకంతో పోయింది. ఆయన వయసు 60 దాటి ఉంటుంది. నాకు 31. ఆ రోజుల అలవాటు ప్రకారం నేను ఆయనను "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "బాబూ" అనేవాడు. ఆ రోజు ఆయన అన్నది ఒక్కటే మాట: "బాబూ, ముప్పై ఏళ్లలో నా మూట ఎప్పుడైనా తగ్గిందా?"

రెండేళ్ల తరువాత, 1981లో, ఒక పై అధికారిగారి ఇంట్లో శుభకార్యం జరిగితే మేమంతా వెళ్లాము. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. దండెం మీద నాలుగు టర్కీ టవళ్లు ఆరుతున్నాయి. అంచున మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత. ఆ చుక్కలు పెట్టిన వేళ్లు నాకు గుర్తుకు వచ్చాయి. భోజనం చేశాననిపించి వచ్చేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరు చిన్నపిల్లలు, అద్దె ఇల్లు, అప్పటికింకా ఖాయం కాని ప్రమోషను. ఇవి కారణాలే గాని సమర్థన కాదు.

మరునాడు జీతంలో నుంచి 99 రూపాయలు తీసుకుని రేవుకు వెళ్లాను. విషయం ఆయనకు చెప్పాను. ఆయన డబ్బు తీసుకోలేదు. "డబ్బుదేముంది బాబూ, మళ్లీ ఉతుకుతాను. పుస్తకంలో నా పేరు పక్కన రాశారు చూడండి, అది కొట్టెయ్యండి. రేపు నా కొడుకు ఇదే పనికి వస్తాడు" అన్నాడు.

రిజిస్టరులో వ్రాసినది కొట్టెయ్యడానికి స్టోర్‌కీపరుకు అధికారం లేదని మన మిత్రులందరికీ తెలుసు. వారం రోజులు ఆలోచించి, పాత పద్దు పక్కన ఎర్రసిరాతో "తదుపరి విచారణలో ఈ లోటుకు దోబీ బాధ్యుడు కాడని తేలినది" అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేశాను. విచారణ ఎవరు జరిపారని ఆడిటువారు అడిగారు. నేనే అన్నాను. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఏడాది ఆగింది. అధికారిగారి పేరు మాత్రం ఆ రోజూ చెప్పలేదు. నేను చేసినది సగం న్యాయమే. ఆ పద్దు చదివి వినిపించినప్పుడు దోబీ, "చాలు బాబూ" అన్నాడు. ఆయనకు అది చాలిందేమో గాని నాకు ఈ రోజుకీ చాలలేదు.

దౌరా బట్టలు

తరువాతి రోజుల్లో చరిత్ర పుస్తకాలు చదువుతుంటే, ఈ సంగతి మా బంగళాతో మొదలు కాలేదని తెలిసింది. నిజాం ఏలుబడిలో తెలంగాణ పల్లెలకు అధికారులు దౌరాకు వచ్చినప్పుడు చాకలి, కుమ్మరి, మంగలి మొదలైన వృత్తులవారు కూలి లేకుండా వెట్టి చేయవలసి వచ్చేది. దొరల ఇళ్లలోనూ అదే తీరు. 1940లలో తెలంగాణ రైతులు తిరగబడడానికి ఉన్న ముఖ్య కారణాల్లో వెట్టి ఒకటి. ఆ పోరాటంలో తన పంట కోసం దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూశారు. వెట్టి పోయింది, చట్టాలు వచ్చాయి. కాని మర్యాద పేరుతో పెద్దవారిని అడగకపోవడం, లోటు చిన్నవారి ఖాతాలో వ్రాయడం అనే అలవాటు మా రిజిస్టరు దాకా వచ్చింది.

1982 నుంచి మా బంగళాలో ఒక చిన్న మార్పు చేశాము. అతిథి గదిలోకి వచ్చేటప్పుడు చీటీ మీద దుప్పట్లు, తువ్వాళ్లు ఎన్నో వ్రాసి ఆయన చేత సంతకం తీసుకోవడం, వెళ్లేటప్పుడు ఆయన ఎదుటే లెక్క చూసుకోవడం. మొదట్లో కొందరు కోప్పడ్డారు. ఆ తరువాత నేనక్కడ పనిచేసినంతకాలం దోబీ బిల్లులో పైసా కోత పడలేదు.

అమ్మాయికి జవాబు

ఇక మొదటి ప్రశ్న. ఏ అతిథి గృహానికైనా మూడు జతల లెక్క: ఒకటి గదిలో, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. నలుగురికి స్నానపు తువ్వాళ్లు నాలుగు చొప్పున 12, చేతి తువ్వాళ్లు 12. రెండు పెద్ద మంచాలకు కింద ఒకటి, కప్పుకోవడానికి ఒకటి చొప్పున దుప్పట్లు 12. గలీబులూ 12. విశాఖ వానాకాలంలో బట్ట త్వరగా ఆరదు గనుక నాలుగో జత కూడా ఉంటే మంచిది. అన్నీ తెలుపే కొనాలి, ఒకే రకం కొనాలి. తడిగుడ్డ మడిచి బీరువాలో పెట్టకూడదు. అలంకరణ రంగులు తలుపు తెరలకు చాలు.

రెండో ప్రశ్నకు ఇలా చెప్పాను: "అమ్మా, తువ్వాలు పోతే వచ్చినవారినే అడుగు. అడగలేకపోతే నీ ఖర్చుగా వ్రాసుకో. ఉతికేవారి కూలిలో మాత్రం కోయవద్దు. కళ్లతో చూడనిది ఎవరి పేరు పక్కనా వ్రాయవద్దు."

"అలాగే నాన్నా" అన్నది. తరువాత కొంచెం ఆగి, "ఉతికే ఆవిడకు మన లెక్క పుస్తకం కాపీ ఒకటి ఇస్తాను, ఆమే చూసుకుంటుంది" అన్నది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు ఆ ఆలోచన రాలేదు.



- ఒక విశ్రాంత స్టోర్‌కీపరు