హిఫ్జె సిహత్: ముస్లిం వైద్యులు చూపిన హృదయ రక్షణ మార్గం

‘ఖల్బ్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయని ఇమామ్ గజాలీ (మరణం హిజ్రీ 505, క్రీ.శ. 1111) ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో వివరించారు. మొదటిది రొమ్ములో ఎడమ వైపున ఉండే మాంసపు ముద్ద. అది పశువులకూ ఉంటుంది, మృతదేహంలోనూ ఉంటుంది. దానిని చర్చించడం వైద్యుల పని. రెండవది మనిషిని మనిషిగా నిలిపే ఆత్మిక తత్త్వం. దానిని చర్చించడం ధర్మవేత్తల పని. రెండవ హృదయాన్ని గురించి ముస్లిములు ఖుత్బాలలోనూ మజ్లిసులలోనూ వింటూనే ఉంటారు. మొదటి హృదయాన్ని గురించి కూడా ముస్లిం నాగరికత గొప్ప గ్రంథ సంపదను మిగిల్చిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

ఆ మాంసపు ముద్ద క్షేమం చిన్న విషయం కాదు. 52 దేశాలలో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. వాటిపై 2007లో ప్రచురితమైన మరో విశ్లేషణ ప్రకారం, దక్షిణాసియా దేశాలవారికి తొలి గుండెపోటు సగటున 53వ ఏట వస్తోంది. ఇతర దేశాలవారికి అది దాదాపు 59వ ఏట వస్తోంది. ఈ ఆరేండ్ల తేడా వెనుక ఎన్నో కుటుంబాల కష్టం దాగి ఉంది. పిల్లల చదువులు ముగియకముందే, ఆడపిల్లల నికాహ్ జరగకముందే ఇంటిపెద్ద మంచాన పడుతున్నాడన్న మాట. అందువల్ల పూర్వ వైద్యులు గుండెను కాపాడుకోవడానికి ఏ మార్గం చూపారో, అందులో నేటికీ నిలిచేది ఎంతో పరిశీలించడం అవసరం.

ఆరు అనివార్య విషయాలు

యూనానీ వైద్యంలో రెండు భాగాలున్నాయి. ఒకటి రోగానికి చికిత్స. రెండవది ‘హిఫ్జె సిహత్’, అంటే ఉన్న ఆరోగ్యాన్ని నిలుపుకోవడం. ఈ రెండవ భాగానికి పునాది ‘అస్బాబె సిత్తా జరూరియా’. మనిషి బ్రతికి ఉన్నంత కాలం తప్పించుకోలేని ఆరు విషయాలివి: పీల్చే గాలి, అన్నపానాలు, శరీరపు కదలిక, విశ్రాంతి, మనస్సు కదలిక, విశ్రాంతి, నిద్ర, మేలుకువ, మలమూత్రాదుల విసర్జన, నిలుపుదల.

ఈ విభజనకు మూలం గ్రీకు వైద్యుడు జాలీనూస్ (గాలెన్) రచనలలో ఉంది. ఆ రచనలను అరబ్బీలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు బగ్దాదుకు చెందిన క్రైస్తవ పండితుడు హునైన్ ఇబ్నె ఇస్హాఖ్ (809–873). విద్య ఎవరి దగ్గరున్నా స్వీకరించిన కాలమది. అయితే ఆనాటి వైద్యులు గ్రీకుల మాటను వల్లించి ఊరుకోలేదు. దానిని విస్తరించారు, పరీక్షించారు, తప్పనిపించిన చోట దిద్దారు.

ఇబ్నె సీనా: ముందు కదలిక, తరువాతే మందు

ఇబ్నె సీనా (980–1037) హమదాన్ నగరానికి వచ్చిన కొత్తలో గుండె మందులను గురించి ‘అల్ అద్వియతుల్ ఖల్బియ్యా’ అనే చిన్న గ్రంథం రచించారు. యూనానీ దుకాణాలలో నేటికీ దొరికే ఖమీరాల వంటి మందుల వెనుక ఆ సంప్రదాయమే ఉంది. కాని ‘అల్ ఖానూన్’ మొదటి సంపుటంలో ఆరోగ్య రక్షణను గురించి వ్రాసినప్పుడు ఆయన మందుతో ప్రారంభించలేదు. ఆరోగ్యాన్ని నిలిపే సాధనాలలో మొదటి స్థానం వ్యాయామానిదనీ, తరువాతిది ఆహారానిదనీ, ఆ తరువాతిది నిద్రదనీ వరుస పెట్టారు.

వ్యాయామానికి ఆయన ఇచ్చిన నిర్వచనం గమనించదగినది. మనిషి తన ఇష్టంతో చేసేదై, శ్వాసను లోతుగా, వెంటవెంటనే వచ్చేలా చేసే కదలికే వ్యాయామమని ఆయన భావం. వేగంగా నడవడం, కుస్తీ, విలువిద్య, గుర్రపు స్వారీ వంటివి బలవంతులకు చెప్పారు. రోగం నుండి లేచినవారికి, బలహీనులకు ఊయల, పడవ ప్రయాణం వంటి తేలిక కదలికలు చెప్పారు. ఒంటి రంగు మెరుగవుతూ, కదలిక సులువుగా సాగుతున్నంత సేపు కొనసాగించాలి. అలసట కనిపించగానే ఆపాలి. నిండు కడుపుతో చేయరాదు. నేటి డాక్టరు చెప్పే సలహాకూ దీనికీ పెద్ద తేడా లేదు.

మనస్సు చేసే గాయం

ఆరింటిలో మనస్సుకు చోటివ్వడం ఆ వైద్యుల దూరదృష్టి. అబూ జైద్ అల్ బల్ఖీ (850–934) తన ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్’ను రెండు భాగాలుగా వ్రాశారు. మొదటిది దేహానికి, రెండవది మనస్సుకు. కోపం, భయం, దుఃఖం, పీడించే తలపులు – వీటికి వేరువేరుగా ఉపాయాలు చెప్పారు. అత్యవసరానికని ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనస్సు నెమ్మదిగా ఉన్న వేళ మంచి ఆలోచనలను సిద్ధం చేసుకొని, కోపమో దుఃఖమో ముంచుకొచ్చినప్పుడు వాడుకోవాలని ఆయన సలహా.

వియోగ వ్యథతో కృశించిన యువకుని నాడి పట్టుకొని, పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, ఏ పేరు దగ్గర నాడి మారుతుందో చూచి అతడి మనస్సులోని వ్యక్తిని కనిపెట్టే పద్ధతిని ఇబ్నె సీనా ఖానూన్‌లో వివరించారు. మనస్సులోని అలజడి గుండెను తాకుతుందని ఆయన ఎరుగుదురు.

పళ్ళెంలోని పథ్యం

బగ్దాదుకే చెందిన మరో క్రైస్తవ వైద్యుడు ఇబ్నె బుత్లాన్ పదకొండవ శతాబ్దంలో ‘తఖ్వీముస్ సిహ్హా’ రచించారు. ఖగోళ పట్టికల మాదిరిగా గళ్ళు గీచి, ఒక్కొక్క ఆహార పదార్థం గుణమేమిటో, మేలేమిటో, కీడేమిటో, ఆ కీడుకు విరుగుడేమిటో అందులో నింపారు. పండితులకే కాక సామాన్యునికీ పనికివచ్చే ఏర్పాటు అది. పదమూడవ శతాబ్దంలో ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళింది. పద్నాలుగవ శతాబ్దం చివరినాటికి ఉత్తర ఇటలీ ధనికులు దానికి రంగుల బొమ్మల ప్రతులు వ్రాయించుకున్నారు.

ముస్లిం పాఠకుడికి ఈ మితాహార బోధ కొత్తది కాదు. కడుపులో ఒక వంతు అన్నానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి ఉంచుకోవాలన్న దైవప్రవక్త (స) హితవు తిర్మిజీ సంకలనంలో ఉంది. వైద్యుడు లెక్కలతో చెప్పినదాన్ని విశ్వాసి ఆదర్శంగా నేర్చుకున్నాడు.

గురువును దిద్దిన వ్యాఖ్యాత

అయితే ఆ వైద్యుల మాటలన్నీ నిజం కాదు. గుండెకు మూడు గదులున్నాయని ఇబ్నె సీనా అరిస్టాటిల్‌ను అనుసరించి వ్రాశారు. కుడి గది నుండి రక్తం నడిమి గోడలోని రంధ్రాల గుండా ఎడమ గదికి పోతుందని జాలీనూస్ నమ్మాడు.

డమాస్కస్‌లో చదువుకొని కైరోలో స్థిరపడిన ఇబ్నె నఫీస్ (మరణం 1288) షాఫయీ ఫిఖ్హ్‌లో కూడా పండితుడు. 1242లో, అంటే హిజ్రీ 640లో ఆయన ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగానికి వ్యాఖ్య వ్రాశారు. గుండెకు గదులు రెండేననీ, నడిమి గోడ దట్టమైనదనీ, అందులో కనిపించే రంధ్రాలు గాని కనిపించనివి గాని లేవనీ ఖండితంగా చెప్పారు. రక్తం కుడి గది నుండి ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, తిరిగి ఎడమ గదికి చేరుతుందని వివరించారు. గుండెకు పోషణ దాని కండలో వ్యాపించిన నాళాల ద్వారానే అందుతుందని కూడా అన్నారు. నేడు గుండెపోటు వచ్చేది ఆ నాళాలు మూసుకుపోవడం వల్లనే. తన ఇంటినీ గ్రంథాలయాన్నీ ఆయన కైరోలోని మన్సూరీ ఆసుపత్రికి వక్ఫ్ చేశారు.

ఆ వ్యాఖ్య ఆధునిక పండితలోకంలో మరుగున పడిపోయింది. 1924లో ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ బెర్లిన్‌లోని ఒక వ్రాతప్రతిలో దానిని గుర్తించాడు. ఐరోపాలో సర్వెటస్ 1553లో ఈ విషయం వ్రాశాడు. 1628లో హార్వే రక్తప్రసరణను సంపూర్ణంగా నిరూపించాడు. ముస్లిములు ఈ ప్రాథమ్యాన్ని గర్వంగా చెప్పుకోవడం సహజమే. కాని ఇబ్నె నఫీస్ నేర్పిన అసలు పాఠం వేరు. గురువు మీద గౌరవం ఉంచుకొని కూడా గురువు తప్పును దిద్దవచ్చుననేదే ఆ పాఠం.

నేటి పరిశోధనల తీర్పు

అదే న్యాయాన్ని ఆరు విషయాలకూ వర్తింపజేయాలి. 1953లో జెరీ మోరిస్ బృందం లండన్ బస్సు ఉద్యోగులను పరిశీలించింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటె, రెండంతస్తుల బస్సు మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా ఉన్నట్లు తేలింది. కదలికకు ఇబ్నె సీనా ఇచ్చిన ప్రథమ స్థానానికి ఇది బలమైన సాక్ష్యం. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికా హార్ట్ అసోసియేషన్ 2022లో హృదయారోగ్య సూత్రాలలో నిద్రను కూడా చేర్చింది. గాలి కాలుష్యం, మానసిక ఒత్తిడి గుండెకు హాని చేస్తాయని కూడా స్థిరపడింది. ఆరింటిలో ఐదు ఈ విధంగా నిలిచాయి. శీతోష్ణ గుణాల లెక్కలు, విసర్జనను గురించిన సిద్ధాంతాలు మాత్రం నిలువలేదు.

పూర్వులు ఎరుగని శత్రువులు కూడా ఉన్నాయి. పొగాకు అమెరికా ఖండం నుండి వచ్చినది. ఇబ్నె సీనా దానిని చూడనే లేదు. రక్తపోటు ఎంతో నాడి చూచి చెప్పడం ఏ హకీముకూ సాధ్యం కాదు. చేతికి పట్టీ కట్టి దానిని కొలిచే సాధనాన్ని 1896లో ఇటలీలో రివా రోచీ రూపొందించాడు. రక్తపోటు, మధుమేహం, రక్తంలోని కొవ్వు చాలాకాలం ఏ బాధా పెట్టకుండా లోలోపల నాళాలను చెడగొడతాయి. వీటిని కొలిపించుకొని, డాక్టరు వ్రాసిన మందు మానకుండా వాడటం ఆరు నియమాలకు విరుద్ధం కాదు, వాటికి పూరకమే. ఖమీరా తింటున్నామని రక్తపోటు మాత్ర మానివేయడం ఇబ్నె నఫీస్ సంప్రదాయం కానే కాదు.

దక్కనులో

ఈ విద్యకు దక్కనులోనూ గట్టి వేళ్ళున్నాయి. ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో 1595లో నిర్మించిన దారుల్ షిఫా ఆసుపత్రి, యూనానీ పాఠశాల కూడా. ఆ పేరు నేటికీ ఒక పేటకు నిలిచి ఉంది. చార్మినార్ పక్కన నిజాం కాలంలో వెలసిన యూనానీ ఆసుపత్రి నేటికీ రోగులను చూస్తోంది. కాని ఇంటి దస్తర్‌ఖాన్‌ను చూస్తే హిఫ్జె సిహత్ జాడ తగ్గింది. రోజుకు 5 గ్రాములకు లోపే ఉండవలసిన ఉప్పు ఆవకాయతో, అప్పడంతో, ఖుర్మాతో ఎంతో మించిపోతుంది. పండుగకు చేసుకునే బిర్యానీ వారాంతపు అలవాటయింది. పగలంతా ఉపవాసమున్న మనిషి ఇఫ్తార్‌లో నూనెలో వేగిన వాటితో కడుపు నింపుతున్నాడు. నమాజు వ్యాయామం కోసం చేసేది కాదు, అది ఆరాధన. కాని మసీదుకు నడిచి వెళ్ళే దారి మాత్రం నడకే. అక్కడికీ స్కూటరు మీద వెళ్ళడం నేడు మామూలయింది.

ఇబ్నె సీనా జీవితంలోనే ఒక హెచ్చరిక ఉంది. ఆయన శిష్యుడు జూజ్జానీ వ్రాసిన చరిత్ర ప్రకారం, ఆయన తన దేహదారుఢ్యాన్ని నమ్ముకొని పథ్యాన్ని అలక్ష్యం చేశారు. కడుపునొప్పి వ్యాధి ముదిరి, త్వరగా నయం కావాలని ఒకే రోజు ఎనిమిది సార్లు వస్తి చికిత్స చేయించుకొని మరింత క్షీణించారు. అరవై ఏండ్లు నిండకుండానే హమదాన్‌లో మరణించారు. ఆరోగ్య రక్షణ వరుసను లోకానికి నేర్పిన మనిషి దానిని తన విషయంలో పాటించలేకపోయారు. ఆ గ్రంథాలకు వారసులమని చెప్పుకొనే సమాజం ముందు కూడా అదే ప్రశ్న నిలిచి ఉంది. వారసత్వం గ్రంథాలయపు బీరువాలో కాదు, ఇంటి వంటగదిలో, ఉదయపు నడకలో, వేళకు పోయే నిద్రలో కనిపించాలి. అల్లాహ్ అప్పగించిన దేహం అమానతు. దానిని కాపాడుకోవడం ఆ అమానతు పట్ల బాధ్యత.