బుల్లెట్ వెనక షాకులు: 1948 నుంచి జూబ్లీహిల్స్ దాకా

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తుంటే ఒక్కో స్పీడ్ బ్రేకర్‌కి వెనక కూర్చున్నవాళ్ల నడుం పోతుంది కదా. ఒకప్పుడు చాలా బైకులకి వెనక షాకులే లేవు. చక్రం నేరుగా ఫ్రేముకే బిగించేవాళ్లు, సీటు కింద స్ప్రింగులే దిక్కు. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ స్వింగ్ ఆర్మ్, ఆయిల్ షాకులు ఉన్న బుల్లెట్‌ని పోటీలకి దింపింది. ఆ ఏడాదే ఇటలీలో ఆరు రోజుల ట్రయల్ గెలిచిన బ్రిటన్ జట్టులో ఇద్దరు నడిపింది ఇదే బండి. 1956లో బుల్లెట్ తయారీ మద్రాసుకొచ్చింది.

ఇప్పటి క్లాసిక్ 350కి ఆరు మెట్ల ప్రీలోడ్ ఉంది. చాలామంది దాన్ని పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదండీ, బండి వెనక భాగం ఎత్తు మారుతుందంతే! మీరెక్కి కూర్చున్నాక షాక్ తన మొత్తం ట్రావెల్‌లో పావు నుంచి మూడో వంతు లోపు కుంగాలి. ఇద్దరు, బ్యాగులతో శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే సి-స్పానర్‌తో రెండు మెట్లు పెంచి చూడండి, రెండు వైపులా సమానంగా. చివరి మెట్టులోనూ షాక్ అడుగంటుతుంటే అప్పుడు గట్టి స్ప్రింగ్ షాకులు కొనండి. గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటే మాత్రం డ్యాంపింగ్ పోయినట్టు, దానికి ప్రీలోడ్ ఎంత తిప్పినా లాభం లేదు.