ఊపిరితిత్తుల రాచపుండు: వ్యాప్తిని తెలుపు గుర్తుల చరిత్ర

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్, ఇల్లెందు ప్రాంతమున సింగరేణి గ్రామము దాపున బొగ్గు జాడను కనుగొనెను. 1889 నాటికి అచట త్రవ్వకము మొదలయ్యెను. 1920లో ఆ కంపెనీకి సింగరేణి కాలరీస్ అను పేరు కలిగెను. గోదావరి లోయ వెంబడి గనులు ఉత్తరమునకు సాగి, 1960 ప్రాంతమున రామగుండము చేరినవి. వాని చుట్టు వెలసిన పట్టణమే గోదావరిఖని.

క్రొత్త గని తెరువదలచినపుడు ముందుగా బోరు వేసి, లోపలి రాతి కడ్డీని పైకి తీసి, బొగ్గు పొర యెంత మందమో, అందు బూడిద పాలెంతయో పరీక్షింతురు. పైనేలను చూచి లోపలి బొగ్గు గుణమును చెప్పుట సాధ్యము కాదు. మానవుని ఊపిరితిత్తులలో పెరుగు కంతి విషయమున వైద్యులకు చిరకాలము ఇట్టి చిక్కే యుండెను. కంతి యున్నదని తెలిసికొనుట యొకటి. అది ఎంత దూరము ప్రాకినది, ఇకముందు ఎట్లు నడుచును అని తెలిసికొనుట మరియొకటి.

బొగ్గుబాయిలో పనిచేయువారికి ఈ సమస్య దగ్గరిది. 1952 నాటి గనుల చట్టము, 1955 నాటి నియమములు గని కార్మికులకు ఐదేండ్లకొకసారి వైద్యపరీక్షను ఏర్పరచినవి. అందు ఛాతి ఎక్సురే ముఖ్యమైనది. ఆ పటమున నీడ కనిపించినచో అది బొగ్గుధూళి పేరుకొని కలిగిన మచ్చ కావచ్చును, క్షయ కావచ్చును, రాచపుండు, అనగా కాన్సరు, కావచ్చును. మూడింటికిని దగ్గు, ఆయాసము సామాన్య లక్షణములు. మన దేశమున క్షయ విస్తారముగా నుండుటచే, కాన్సరు రోగులలో పలువురు మొదట క్షయ మందులు వాడుచు నెలలు గడుపుట వైద్యులకు తెలిసిన సంగతియే.

గనులకును ఈ వ్యాధికిని గల సంబంధము మొదట జర్మనీలో బయటపడెను. ష్నీబెర్గు గనులలో పనిచేయువారు ఛాతి వ్యాధితో మరణించుచుండుటను హార్టింగ్, హెస్సే అను వైద్యులు పరిశీలించి, అది ఊపిరితిత్తుల కంతియని 1879లో ప్రకటించిరి. రాతినుండి వెలువడు రాడాన్ వాయువు దానికి కారణమని తరువాత తేలెను. బొగ్గుగనుల సంగతి వేరు. బొగ్గుధూళి స్వయముగా కాన్సరును కలిగించునని చెప్పుటకు సాక్ష్యము చాలదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1997లో నిర్ణయించెను. కాని ఇసుకరాతిని తొలుచునపుడు లేచు స్ఫటికరూప సిలికా ధూళి కాన్సరు కారకమని ఆ యేటనే ప్రకటించెను. డీజిలు పొగను 2012లో ఆ జాబితాలో చేర్చెను. ఇక అన్నింటికంటె పెద్ద కారణము పొగాకు. దీనిని 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అనువారును, అమెరికాలో విండర్, గ్రేహం అనువారును లెక్కలతో చూపిరి. బాయి లోపల బీడీ కాల్చుట నిషిద్ధము. పైకి వచ్చిన పిదప కాల్చు బీడీకి అట్టి కట్టుబాటు లేదు.

పైని చెప్పిన గ్రేహం శస్త్రవైద్యుడు. 1933లో సెయింట్ లూయిస్ నగరమున ఆయన గిల్మోర్ అను వైద్యునికి కంతితో కూడ ఒక ఊపిరితిత్తిని మొత్తముగా తొలగించెను. ఆ రోగి అటుపిమ్మట 30 ఏండ్లు జీవించెను. దీర్ఘకాలము సిగరెట్లు కాల్చిన గ్రేహమునకే 1957లో ఊపిరితిత్తుల కాన్సరు బయటపడెను. అప్పటికే అది రెండువైపుల వ్యాపించియుండుటచే కొలది వారములలోనే ఆయన మరణించెను. రోగము పేరు ఒక్కటియే, గతి వేరు. ఈ భేదమును ముందుగా తెలిసికొనుట ఎట్లు?

దీనికి తొలి ఆలోచనను అందించినవాడు స్టీఫెన్ పాజెట్. స్తన కాన్సరుతో మరణించిన 735 మంది వివరములను పరిశీలించి, కంతినుండి విడివడిన కణములు విత్తనముల వంటివనియు, తగిన నేల దొరికినచోటనే మొలకెత్తుననియు 1889లో ఆయన వ్రాసెను. ఊపిరితిత్తుల కాన్సరు మెదడు, ఎముకలు, కాలేయము, అడ్రినల్ గ్రంథులలో తరచుగా నాటుకొనును. 1943 మొదలుకొని ఫ్రాన్సులో పియరీ డెనాయి కంతి పరిమాణము, శోషరస గ్రంథుల స్థితి, దూరవ్యాప్తి అను మూడు కొలతలతో వ్యాధి దశలను నిర్ణయించు పద్ధతిని కూర్చెను. నేటికిని రోగగతిని తెలుపువానిలో ఈ దశయే ప్రధానము. అమెరికా లెక్కల ప్రకారము కంతి పుట్టినచోటనే యుండగా పట్టుబడినచో నూటికి 60 మందికి పైగా ఐదేండ్లు జీవించుచున్నారు. దూరావయవములకు ప్రాకిన పిదప పదిమంది కూడ జీవించుట లేదు.

అయినను ఒకే దశలోని రోగులందరి గతియు ఒకటి కాలేదు. అందుచే శాస్త్రజ్ఞులు కణము లోపలి అణువులను వెదకసాగిరి. 1965లో కెనడాకు చెందిన గోల్డ్, ఫ్రీడ్‌మన్ పెద్దప్రేగు కాన్సరునందు సి.ఇ.ఎ. అను ప్రోటీనును కనుగొనిరి. ఊపిరితిత్తుల కాన్సరులోను అది రక్తమున హెచ్చును. కాని కాన్సరు లేని పొగత్రాగువారిలోను కొంత హెచ్చును. కనుక దాని నొక్కదానినే నమ్మరాదు. 1980 తరువాతి దశకమున జపానులో తాకెయిచి బృందము కణమును కణముతో అతికించు కాధెరిన్ ప్రోటీనులను వివరించెను. వానిలో ఇ-కాధెరిన్ తగ్గినచో కణములు పట్టువిడిచి, కదలి, రక్తనాళములలో జొరబడుటకు వీలు కలుగును. గోడలో సున్నము రాలినచో ఇటుకలు వదులగుట వంటిది ఇది.

తరువాతి మలుపు జన్యువులది. కె-రాస్ అను జన్యువు కణవృద్ధికి మీట వంటిది. అందు ఒక్క అక్షరము మారినచో మీట తెరచియే యుండును. 1990లో నెదర్లాండ్సు పరిశోధకులు శస్త్రచికిత్స పొందిన 69 మంది కంతులను పరీక్షించి, ఈ మార్పు గల 19 మంది గతి మిగిలినవారి కంటె హీనముగా నున్నదని చూపిరి. ఈ గుర్తుపై అందరికిని ఆశ కలిగెను. కాని వేయికి పైబడిన రోగుల లెక్కలను కలిపి 2013లో చూచినపుడు శస్త్రచికిత్స పొందినవారిలో ఆ భేదము స్పష్టముగా నిలువలేదు. కొలదిమందిలో కనిపించినది పెక్కుమందిలో నిలువవలెనన్న నియమము ఇందు విద్యార్థులు గమనింపదగినది.

2004లో అమెరికా పరిశోధకులు ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువున మార్పులు గల కంతులు జెఫిటినిబ్ అను మాత్రకు లొంగుచున్నవని కనుగొనిరి. 2009లో ప్రకటింపబడిన తూర్పు ఆసియా పరీక్ష దీనిని నిర్ధారించెను. మార్పు గలవారిలో ఆ మాత్రతో నూటికి 71 మందికిని, సాధారణ కాన్సరు మందులతో 47 మందికిని కంతి తగ్గెను. మార్పు లేనివారిలో ఆ మాత్రతో తగ్గినది నూటికి ఒక్కనికే. సాధారణ మందులతో 23 మందికి. ఒకరికి మేలైన మాత్ర మరియొకరికి విలువైన కాలమును పోగొట్టును. దీనితో గుర్తులు రెండు తెగలని తేటపడెను: రోగము ఎట్లు నడుచునో చెప్పునవి కొన్ని, ఏ మందు పనిచేయునో చెప్పునవి కొన్ని. 2007లో జపానులో బయటపడిన ఏ.ఎల్.కె. జన్యు సంయోగము రెండవ తెగకు చేరినది. ఒక జన్యువు ఒకకాలమున ఒక తెగయందును, వేరొకకాలమున రెండవ దానియందును చేరవచ్చును. రోగగతిని చెప్పుటలో నిలువని కె-రాసునకే 2021లో మొదటి మందు ఆమోదింపబడినది.

కంతి ముక్కను తీయుట కష్టమైనచోట రక్తమే సాయపడుచున్నది. రక్తమున జన్యుపదార్థము తేలియాడుచుండునని మాండెల్, మెటేస్ 1948లోనే చెప్పిరి. అందు కంతికి చెందిన తునకలను వెదకి ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పును గుర్తించు పరీక్షను 2016లో అమెరికా ప్రభుత్వము ఆమోదించెను.

ఈ గుర్తులన్నియు ఒక మెట్టుపై నిలిచియున్నవి: ఎవరో ఒకరు ఆ నీడను సకాలమున అనుమానింపవలెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి గోదావరిఖనికి 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. 2022లో రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమగుటచే ఉన్నత వైద్యము కొంత దగ్గరకు వచ్చినది. రెండు వారములు దాటిన దగ్గు, కళ్ళెలో నెత్తురుచార, కారణము లేక శరీరము చిక్కుట కనిపించినచో కఫపరీక్ష, ఎక్సురే జరుగవలెను. క్షయ మందులకు తగ్గని నీడను తిరిగి పరీక్షింపవలెను; అవసరమైనచో ముక్క తీసి చూడవలెను. బోరు వేయక బొగ్గు గుణము తెలియనట్లే, ముక్క తీయక కంతి గుణము తెలియదు. ఇంటిలో దగ్గుచున్న తండ్రిని ఆసుపత్రికి పంపగల విద్యార్థి ఈ చరిత్రలోని చివరి మెట్టును కాదు, మొదటి మెట్టును ఎక్కించినవాడగును.