తొట్టె పాతదే, గడువు కొత్తది

బ్యాంకు కొలువుకు చదివేవాళ్ల చేతిలోని లావుపాటి ఆప్టిట్యూడ్ పుస్తకంలో వడ్డీలు, లాభనష్టాలు, మిశ్రమాలు, కాలం-పని, కుళాయిలు-తొట్టెలు వరసగా ఉంటాయి. ఇదంతా కోచింగ్ సెంటర్లు పుట్టించిన తంతు అని చాలామంది అనుకుంటారు. కానీ 1150లో భాస్కరాచార్యుడు రాసిన లీలావతిలోనే ఈ తొట్టె ఉంది. నాలుగు ధారలున్నాయి. విడివిడిగా వదిలితే ఒకటి రోజులో, ఒకటి అరరోజులో, మరొకటి రోజులో మూడో వంతులో, ఇంకొకటి ఆరో వంతులో తొట్టెను నింపుతాయి. అన్నిటినీ ఒకేసారి వదిలితే ఎంతసేపు పడుతుంది? మొదటిది రోజుకు ఒక తొట్టె, రెండోది రెండు, మూడోది మూడు, నాలుగోది ఆరు నింపగలవు. మొత్తం 12. అంటే ఒక్క తొట్టె రోజులో పన్నెండో వంతులో నిండుతుంది. గొట్టాలకు 12 గంటలు, 15 గంటలు ఇచ్చి, కసాగు 60 తీసుకుని, గంటకు 5, 4 భాగాలని ఇప్పుడు చెప్పే ‘ట్రిక్’ కూడా నడిచేది ఈ దారినే. అలాగని ఈ తొట్టె మన సొంతమని చెప్పుకోనక్కర్లేదు. అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే చైనావాళ్ల ‘తొమ్మిది అధ్యాయాల’ గణితంలో ఐదు కాలవలు ఒక చెరువును నింపే లెక్క ఉంది.

ఈ లెక్కలకు ఇంత ఆయుష్షు ఎలా వచ్చింది? బజారు నుంచి వచ్చిందని నా అభిప్రాయం. 499 నాటి ఆర్యభటీయంలో నక్షత్రాల లెక్కల పక్కనే త్రైరాశికం ఉంది, వడ్డీ మీద వడ్డీ లెక్కా ఉంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో అప్పులకు, బంగారానికి, సరుకుల మారకానికి విస్తారంగా చోటిచ్చాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. జైన ప్రస్తావనలున్న చోట శివుణ్ణి పెట్టాడు గానీ లెక్కల సారం వదల్లేదు. కావ్యాలు అప్పుడప్పుడే మొదలవుతున్న భాషలో వడ్డీకీ బంగారానికీ పద్యం కట్టాలనుకోవడం చిన్న సంగతి కాదు. ఆ లెక్కల అవసరం ఎంతుంటే ఆ శ్రమకు పూనుకుని ఉంటాడు! ఆ బజారు లెక్కల జాడ మాటల్లోనూ మిగిలింది. రూపాయికి 16 అణాలున్న కాలం 1957తో పోయినా, పదహారో వంతుకు మనవాళ్లు పెట్టుకున్న ‘వీసం’ ఇప్పటికీ ‘వీసమెత్తు’ అన్న మాటలో మన నోట నలుగుతూనే ఉంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. పాతవాళ్లు అర్థం చేసుకుని లెక్క చేసేవారు, ఇప్పటివాళ్లు షార్ట్‌కట్లు బట్టీ పడుతున్నారు, రెండింటికీ పోలికేమిటి అంటారు. ఈ మాట చరిత్రకు నిలవదు. త్రైరాశికమే ఒక షార్ట్‌కట్. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు పేర్లు పెట్టి, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమంటుంది. ఎందుకలా చేయాలో సూత్రంలో ఉండదు. పద్యంలో పెట్టడమే నోటికి పట్టడం కోసం. వీధిబడిలో ఎక్కాలు వల్లించిందీ అందుకే. బట్టీ కొత్త జబ్బు కాదు. కొత్తగా వచ్చింది గడియారం. ఆ పాత లెక్కల శాస్త్రానికున్న పాటీగణితం అన్న పేరులోని ‘పాటి’ అంటే పలక. లెక్క చేసే తీరు ఆ పలక మీద కనబడేది, తప్పు ఎక్కడ దొర్లిందో గురువు వేలు పెట్టి చూపగలిగేవాడు. గడియారం వచ్చిన దారి వేరు. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక శాఖలు పల్లెలకు పాకాయి, కొలువులతో పాటు దరఖాస్తులూ పెరిగాయి. బ్యాంకు కొలువుల పరీక్షలు జరిపే ఐబీపీఎస్ 1984లో స్వతంత్ర సంస్థ అయింది, 2011లో ఉమ్మడి రాతపరీక్ష వచ్చింది. ప్రొబేషనరీ ఆఫీసర్ ప్రిలిమ్స్‌లో ఇప్పుడు 35 లెక్కలకు 20 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పు జవాబు పెడితే ఆ ప్రశ్నకున్న మార్కులో పావు వంతు పోతుంది. చేసిన తీరు ఎవరికీ కనబడదు, జవాబు ఒక్కటే మిగులుతుంది.

లక్షలమందిని వడకట్టాలంటే వేగం తప్ప వేరే జల్లెడ ఎక్కడుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేపర్లు దిద్దే చేతులు చాలవు, దిద్దేవాళ్లలో పక్షపాతమూ ఉండొచ్చు. పల్లెటూరి పిల్లకీ పట్నం పిల్లకీ యంత్రం ఒకేలా మార్కులేస్తుంది, అది చిన్న మేలు కాదు. తొలి వడపోతకు గడియారాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే దాన్ని తెలివికి కొలతగా చూడటం మాత్రం తప్పు. కూడికలు, భాగారాలు యంత్రం చేసే బ్యాంకులో అధికారికి కావలసింది, వచ్చిన అంకె పొసగుతుందో లేదో పట్టుకోగల చూపు. లీలావతిలోనే ఇంకో లెక్క ఉంది. 13, 12, 11, 10 వన్నెల బంగారం వరసగా 10, 4, 2, 4 మాషాలు తీసుకుని కరిగించి కలిపితే ఎంత వన్నె వస్తుంది? గుణించి కూడితే 240, మొత్తం బరువు 20, వన్నె 12. కానీ గుణకారానికి ముందే కంసాలి కన్ను కొంత చెప్పేస్తుంది. జవాబు 10కీ 13కీ నడుమే ఉండాలి. సగం బరువు 13 వన్నెదే కనుక పైవైపుకే మొగ్గాలి. ఇచ్చిన ఐదు జవాబుల్లో 14 గానీ 9 గానీ ఉంటే ఆ చూపున్నవాళ్లు వాటిని అక్కడే కొట్టేస్తారు, దానికి 34 సెకన్లు కూడా పట్టదు.