నీరటి తాత నుంచి ఫోన్ స్టార్టర్ దాకా



నాట్లు అయిపోయినయి, కొంచెం తీరిక దొరికింది. అందుకే ఈసారి పెద్ద పోస్టు రాస్తున్న. చాయ్ పక్కన పెట్టుకొని నిదానంగా చదవండి.

ముందుగా నా పొలం కాడ జరిగిన సంగతి చెప్తా. రెండేండ్ల కింద నా బోరుకు సిమ్ కార్డుతో నడిచే స్టార్టర్ పెట్టించిన. ఇంట్లో కూసొని ఫోన్ కొడితే మోటార్ ఆన్, ఇంకోసారి కొడితే ఆఫ్. ఒక రాత్రి మక్కచేనుకు నీళ్లు పెట్టి పడుకున్న. మోటార్ నడుస్తున్నదని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, నిమ్మళంగా నిద్రపోయిన. పొద్దుగాల పోయి చూస్తే పైపు జాయింట్ ఊడి ఉంది. రాత్రంతా నీళ్లు కింది పొలంలోకే పారినయి. అక్కడ పక్క రైతు పశువుల మేత కోసం చేత్తో కోయించి పనల మీద పెట్టిన అర ఎకరం వరి తడిసి ముద్దయింది.

నా తప్పు నేను ఒప్పుకున్న. గడ్డి ఇచ్చిన, వడ్లు కొలిచి ఇచ్చిన. కానీ నన్ను బాధపెట్టింది ఇంకో మాట. ఆ రాత్రి తొమ్మిదింటికి అదే బాట మీద పోయిన ఇంకో రైతు నీళ్లు పారుతున్నది చూసిండట. "ఎందుకు చెప్పలేదన్నా?" అంటే, "నువ్వు ఫోన్‌ల చూసుకుంటవు గదా, మళ్ల నేను చెప్పుడెందుకని ఊకున్న" అన్నడు.

ఆయన మాటలో చెడు లేదు. మెసేజ్‌లో కూడా అబద్ధం లేదు, మోటార్ నిజంగానే నడిచింది. నీళ్లు ఎటు పోతున్నయో చెప్పేటోడే లేకుండా పోయిండు. ఒకప్పుడు అది చెప్పడానికే ఊరికొక మనిషి ఉండేది. ఆ మనిషి ఎట్ల వచ్చిండు, ఎట్ల పోయిండు అన్నదే ఈ పోస్టు.

చెరువుకు కావలసిన పన్నెండు

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువు ఉంది. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించిండు. అక్కడి శాసనంలో ఉన్న లెక్క ప్రకారం రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేండ్లు పనిచేసినయి. మంచి చెరువుకు ఏమేం ఉండాలో కూడా అదే శాసనం పన్నెండు అంశాలుగా చెప్తది. గట్టి నేల, తియ్యని నీళ్ల ఏరు, రెండు గుట్టల నడుమ రాతి కట్ట, లోతైన వెడల్పాటి గర్భం, దగ్గర్లో రాతి గని, కింద సమంగా ఉన్న సారవంతమైన పొలాలు, ఇట్ల సాగుతది ఆ జాబితా.

నాకు నచ్చింది ఏందంటే, ఆ పన్నెండులో మూడు మనుషుల గురించే. ధర్మం తెలిసిన పాలకుడు ఉండాలె. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు ఉండాలె. కట్టే పని వచ్చిన మనుషుల గుంపు ఉండాలె. అంటే రాయి, మట్టి, నీళ్లు ఎన్ని ఉన్నా ఈ ముగ్గురు లేకుంటే చెరువు కాదని ఆనాడే రాసి పెట్టిండ్రు. చెరువుకు ఉండకూడని దోషాలు కూడా ఆరు చెప్పిండ్రు. వాటిలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండకూడదని. ఇద్దరి నడుమ పొత్తు కుదరని చోట నీళ్లు నిలవవని వాళ్లకు తెలుసు. ఇప్పుడు మన గెట్ల కాడ చూస్తే ఆ దోషం ఎంత నిజమో అర్థమైతది.

మన దిక్కు కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు వచ్చినయి. చెరువు తవ్వించినోళ్లకు, మరమ్మతులు చూసేటోళ్లకు దశబంధ మాన్యాలు ఇచ్చిండ్రు. కట్టుడు ఒక ఎత్తు, కాపాడుడు ఇంకో ఎత్తు అని ఎరిగిన ఏర్పాటు అది.

నీరటి

కట్టినంక రోజువారీ పని ఎవరిది? మన తెలంగాణలో నీరటి, నీరటికాడు అన్నరు. రాయలసీమ దిక్కు నీరుగంటి అంటరు. తూము తీసుడు, మూసుడు ఆయన పని. కాలువ మొదట్లో ఉన్నోనికి ఎంత, చివర్ల ఉన్నోనికి ఎంత అని వంతు పెట్టుడు ఆయన పని. వానాకాలం రాత్రి మత్తడి దుంకుతుంటే కట్ట మీద లాంతరు పట్టుకొని తిరుగుడు, ఎక్కడన్నా బుంగ పడితే ఊరిని లేపుడు కూడా ఆయనదే. దీనికి నెల జీతం లేదు. పంట చేతికొచ్చినప్పుడు కళ్లం కాడ మేర అని గింజలు కొలిచి ఇచ్చేది. అందుకే చివరి మడి ఎండితే ఆయన మేర కూడా తగ్గేది. మన నష్టంలో ఆయనకూ పాలు ఉండేది.

యాసంగి మొదట్లో తైబందీ ఉండేది. చెరువులో నీళ్లు ఎంత ఉన్నయో చూసి, ఈసారి ఎంత ఆయకట్టుకు ఇయ్యొచ్చు, ఏ దిక్కుకు ఇయ్యాలె అని కూసొని తేల్చుడు. నీళ్లు సగమే ఉంటే సగం భూమే నాటు. అది కాగితం మీది లెక్క కాదు, ఒకరి మొహం ఒకరు చూసుకుంట ఒప్పుకున్న మాట.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలె. పాత రోజులు బంగారం అనుకుంట రాస్తే అది చరిత్ర కాదు. చాలా ఊర్లల్లో నీరటి పని చేసింది దళిత కుటుంబాలే. అందరి మడికీ నీళ్లు పారిచ్చిన మనిషికి ఆ చెరువు కింద కుంటెడు భూమి లేకపోయేది. ఆయన చెయ్యి తగిలిన నీళ్లతోనే పండిన అన్నం తిన్నం గానీ ఆయనను మాత్రం వాకిట్లనే నిలబెట్టినం. ఆయన కొడుకులు ఆ పని వద్దనుకున్నరంటే తప్పు వాళ్లది కాదు.

బోరు బండి వచ్చిన రోజు

1970ల తర్వాత గట్టి రాతిలో కూడా గంటల్లో రంధ్రం వేసే రిగ్గులు పల్లెలకు వచ్చినయి. తమిళనాడులోని తిరుచెంగోడు బండ్లు మన ఊర్ల పొంటి తిరిగిన సంగతి పెద్దోళ్లకు తెలుసు. అంతకుముందు మోటబాయి ఉంటే అన్నదమ్ములకు, దాయాదులకు పాలు ఉండేది. నీకు రెండు రోజులు, నాకు రెండు రోజులు అని వంతులు. కొట్లాడినా వంతు నాటికి మాట్లాడుకోక తప్పేది కాదు. బోరు వచ్చినంక ఎవని రంధ్రం వానిదే. మాట్లాడుకునే అక్కర పోయింది. కానీ భూమి కింద నీళ్లకు గెట్లు లేవు. నేను 300 ఫీట్లు వేస్తే పక్కాయన 400, నేను మళ్ల 500. ఆ పోటీలో ఎండింది ఇద్దరి బోర్లు, పెరిగింది ఇద్దరి అప్పులు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకు బోరుకు నడుమ దూరం ఉండాలన్నది. చట్టం ఉంది గానీ, దూరం కొలిచేటప్పుడు ఇద్దరం కలిసి టేపు పట్టిన ఊర్లు ఎన్నో మీకే తెలుసు.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. కానీ త్రీఫేజ్ కరెంటు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి ఇచ్చేది. చీకట్ల మోటార్ పెట్టబోయి పాము కాటుకు, షాక్‌కు పోయినోళ్లు మనకు తెలిసినోళ్లలోనే ఎందరో. ఆటో స్టార్టర్ అందుకే వచ్చింది. కరెంటు రాంగనే మోటార్ తనంతట తనే నడుస్తది, రైతు ఇంట్ల పండుకుంటడు. అది ప్రాణాలు కాపాడింది, కాదనలేం.

కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను మోటార్లు ఒక్క నిమిషంలనే లేస్తే ఏమైతది? మోటార్ లేచేటప్పుడు గుంజే కరెంటు, నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వోల్టేజ్ పడిపోతది, వైండింగ్ కాలుతది, ట్రాన్స్‌ఫార్మరే పోతది. అవసరం లేని నాడు కూడా నీళ్లు పారుతయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను అడగవలసి వచ్చింది. కారణం ఇదే, రేయింబవళ్లు కరెంటు ఉంటే ఆ డబ్బాకు ఆగుడు తెలువదు. చాలు అనే మాట మనిషికే తెలుసు.

మళ్ల కూసున్న ఊర్లు

ఇది ఏడుపు పోస్టు కాదు. 2003 తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల కరువు ఊర్లల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పని ఒకటి నడిచింది. వానను వాళ్లే కొలిచిండ్రు. బోర్లల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నయో వాళ్లే కొలిచి ఊరి గోడ మీద రాసిండ్రు. యాసంగికి ముందు అందరు కూసొని పంట నీటి బడ్జెట్ వేసుకున్నరు. ఇన్ని నీళ్లున్నయి, అందరం వరి వేస్తే ఇంత కావాలె, ఇంత తక్కువ పడుతది అని లెక్క. ఎవరినీ బలవంతం పెట్టలేదు. లెక్క కండ్ల ముందట కనబడినంక చాలామంది తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసిండ్రు.

అది చదివినప్పుడు నాకు అనిపించింది, ఇది మన తైబందీనే కదా! పేరు మారింది అంతే.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు బాగు చెయ్యాలని పెట్టుకున్నరు. మనం ట్రాక్టర్లు కట్టి పూడిక మట్టి చేన్లకు తోలుకున్నం. మా ఊరి చెరువు నిండింది కూడా. తూముకు కొత్త షట్టర్ పెట్టిండ్రు. దాన్ని ఎప్పుడు తిప్పాలె, ఎవరు తిప్పాలె అన్న మాట మాత్రం మేము కూసొని తేల్చుకోలేదు. అందుకే పోయిన యాసంగిల మొదటి మడి మునిగింది, చివరి మడి ఎండింది.

మిషన్లు వద్దని నేను అనను. నా ఫోన్ స్టార్టర్ నేను పీకెయ్యలేదు. అర్ధరాత్రి నా కొడుకును పొలం పంపే ధైర్యం నాకు లేదు. కానీ వరి తడిసిన తర్వాత మా ట్రాన్స్‌ఫార్మర్ కింది పద్నాలుగు మందిమి ఒకనాడు వేపచెట్టు కింద కూసున్నం. మూడు మాటలు అనుకున్నం. ఒకటి, మోటార్లు అందరం ఒక్కసారి పెట్టొద్దు, వంతులు రాసుకోవాలె. రెండు, అందరి ఫోన్ నంబర్లు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద పెయింటుతో రాయాలె. మూడు, ఎవని నీళ్లు ఎటు పారినా, ఎవని వైరు తెగిపడ్డా, చూసినోడు ఫోన్ చెయ్యాలె, ఏ యాళ్లకైనా సరే.

ఆ రాత్రి చూసి కూడా చెప్పని అన్న, మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిండు. "తమ్మీ, నీ వాల్వ్ కాడ నీళ్లు చిమ్ముతున్నయి, నేను బంద్ చేస్తున్న, పొద్దుగాల చూసుకో" అన్నడు. ఆయనకు మేర ఏమిచ్చుకోవాలె? రేపు ఆయన పొలం కాడ నేను చూసింది ఆయనకు చెప్పుడే.

మీ ఊర్ల నీరటి పని చేసిన కుటుంబం ఇంకా ఉంటే, ఆ పెద్దమనిషి కాడికి పోయి ఒక పూట కూసోండి. వాకిట్ల నిలబెట్టకుండా, పక్కన కుర్చీ వేసి. ఏ తూము కింద ఏ మడి మొదలు తడవాలె, ఏ దిక్కు కట్ట బలహీనం అన్నది ఆయనకు తెలిసినంత ఏ ఫోన్‌కూ తెలువది. ఆయన ఉండంగనే అడిగి రాసి పెట్టుకుందాం.