చెట్టు నీడలో నలుగురు

నేరూల్‌లో లోకల్ దిగితే ఇవాళ ఎవర్నీ దారి అడగక్కర్లేదు. జనమంతా ఒకే వైపు నడుస్తున్నారు, వాళ్ల వెంట మనమూ. 2019 డిసెంబర్ 15, ఆదివారం. ఎండ వాలింది కానీ ఉక్కపోత తగ్గలేదు. డి.వై. పాటిల్ స్టేడియం గేటు దగ్గర క్యూ మెలికలు తిరిగి రోడ్డు దాకా వచ్చేసింది. ముందున్న ఇద్దరు మరాఠీలో ఏదో లెక్కలు వేసుకుంటున్నారు. వెనక ఓ కాలేజీ గుంపు ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడుతోంది. మన పక్కన మాత్రం తెలుగు. పొద్దున్నే హైదరాబాద్ రైలు దిగిన ఓ తండ్రీ, ఆయన కూతురూ.

"ఆ క్యాసెట్ ఎక్కడ కొన్నానన్నావు నాన్నా?"

"కోఠీలో. ఎనభై ఎనిమిదిలో అనుకుంటా. అప్పుడు వీళ్లెవరో కూడా తెల్వదు నాకు. అట్ట మీద నలుగురు నిలబడి ఎటో చూస్తున్నరు, అంతే."

ఆ నలుగురే ఈ రాత్రి ఇక్కడ వాయిస్తారు. యూటూ బృందం: గొంతు బోనో, గిటార్ ఎడ్జ్, బేస్ ఆడమ్ క్లేటన్, డ్రమ్స్ లారీ మల్లెన్. 1976లో డబ్లిన్‌లో బడిపిల్లలుగా ఉన్నప్పుడు లారీ బడి నోటీసు బోర్డు మీద ఒక చీటీ అంటించాడు. అది చూసి వచ్చినవాళ్లు అతని ఇంటి వంటగదిలో చేరి వాయించారు. అప్పటికి లారీకి 14 ఏళ్లు. ఇవాళ నలుగురూ అరవైకి దగ్గర పడ్డారు. 1978లో బృందం యూటూ అయ్యాక మనుషులూ మారలేదు, పేరూ మారలేదు. రాక్ సంగీతంలో ఇన్నేళ్లు ఇలా నిలిచిన బృందాల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇండియాకి రావడం మాత్రం ఇదే మొదటిసారి. 2009 నుంచి 2011 దాకా వాళ్లు 110 కచేరీలతో ప్రపంచమంతా తిరిగారు. 70 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయిన ఆ పర్యటనలో మన దేశం లేదు. ఆ క్యాసెట్‌లోని 'ద జాషువా ట్రీ' ఆల్బమ్‌కి 2017లో ముప్ఫై ఏళ్లు నిండాయని మొదలుపెట్టిన పర్యటనా ఆ ఏడు ఇటు రాలేదు. అదే ప్రదర్శనని 2019 నవంబర్‌లో ఆక్లండ్‌లో మళ్లీ మొదలుపెట్టి, ఆస్ట్రేలియా, సింగపూర్, జపాన్, సోల్, మనీలా మీదుగా ఇక్కడికి తెచ్చారు. ఈ రాత్రితో పర్యటన ముగుస్తుంది. క్యాసెట్ కొన్న మనిషి ముప్ఫై ఏళ్లకు పైగా ఎదురుచూశాడు. పెద్ద బృందాల ప్రపంచ పర్యటనల పటంలో మన ఊళ్లు చాలాకాలం ఖాళీగానే మిగిలిపోయాయి. ఆ లోటు ఎంతటిదో ఈ క్యూలో నెరిసిన తలల్ని చూస్తే అర్థమవుతుంది.

లోపలికి అడుగుపెట్టగానే కళ్లు తెర మీదికే వెళ్తాయి. దాదాపు 200 అడుగుల పొడవు, 45 అడుగుల ఎత్తు. వెలగని ఆ తెర బంగారురంగు పులిమిన గోడలా ఉంది. దాని మీద వెండిరంగులో ఒక చెట్టు. దాని కొమ్మలు తెర పై అంచు దాటి ఆకాశంలోకి పొడుచుకొచ్చాయి. ఇప్పుడు కిందికి చూడండి. ప్రధాన వేదిక నుంచి ఒక దారి జనంలోకి చొచ్చుకొచ్చి చివర చిన్న వేదికగా విచ్చుకుంది. ఎండలో ఆ చెట్టు నీడ నేల మీద పడితే ఏ ఆకారంలో ఉంటుందో ఆ చిన్న వేదిక అలాగే ఉంది. ఎస్ డెవ్లిన్, ఎనభైల నుంచి ఈ బృందంతో పనిచేస్తున్న విల్లీ విలియమ్స్ కలిసి రూపొందించిన రంగం ఇది. ఆ చెట్టు నిజంగా ఉండేది. 1986 డిసెంబర్‌లో కాలిఫోర్నియా ఎడారిలో ఒంటరిగా కనిపిస్తే, డచ్ ఫొటోగ్రాఫర్ ఆంటన్ కోర్బైన్ దాని పక్కన నలుగురినీ నిలబెట్టి ఆ ఆల్బమ్ కోసం ఫొటో తీశాడు. 2000 ప్రాంతంలో అది కూలిపోయింది. ఆ పడిన మానును చూడటానికి ఇప్పటికీ అభిమానులు ఎడారిలోకి వెళ్తుంటారు.

స్టాండ్స్‌లో పై వరసల నుంచి చూస్తే చిన్న వేదిక మీద మైకు సరిచేస్తున్న మనిషి బొటనవేలంత కూడా లేడు. స్టేడియం కచేరీకి అసలు చిక్కు ఈ దూరమే. నాలుగు వాద్యాలు వంటగదిలో బాగా వినిపిస్తాయి. మైదానం అవతలి గోడ దగ్గర కూర్చున్నవాడికి అవే నాలుగు వాద్యాలు అంతే దగ్గరగా వినిపించాలి. పాత బృందాలు ఎన్ని చేసినా, ఎంత ఖర్చు పెట్టినా చివరికి ఈ ఒక్క పని కోసమే.

రాత్రి పది దాటితే ఆరుబయట మైకు మోగకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఇక్కడ పెద్ద కచేరీలు పెందలాడే మొదలవుతాయి. స్పీకర్లలో అప్పటిదాకా ఎవరి పాటలో మోగుతున్నాయి. వాటర్‌బాయ్స్ పాట 'ద హోల్ ఆఫ్ ద మూన్' మొదలవగానే, ఈ పర్యటన సంగతి తెలిసినవాళ్లు లేచి నిలబడ్డారు. కచేరీకి అదే గంట.

ఆ పాట సాగుతుండగా ఒక మనిషి ఒంటరిగా ఆ దారి వెంట నడిచొస్తున్నాడు. లారీ. పరుగు లేదు, చేతులు ఊపడం లేదు. పనికి వెళ్లేవాడి నడక. చెట్టు నీడలో ఉన్న డ్రమ్స్ వెనక కూర్చుని స్నేర్ మీద కవాతు దెబ్బ మొదలుపెట్టాడు. 'సండే బ్లడీ సండే.' 1972 జనవరి 30న ఉత్తర ఐర్లండ్‌లోని డెరీలో, హక్కుల కోసం ఊరేగింపుగా వెళ్తున్న నిరాయుధుల మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపి 13 మందిని అక్కడికక్కడే చంపారు. ఆ చావుల మీద రాసిన పాటని ఒక్క డ్రమ్‌తో మొదలుపెట్టడమే న్యాయం. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి చేరారు.

తెర ఇంకా వెలగలేదు. వెనక అంత పెద్ద తెర పెట్టుకుని, మొదటి పాటలు దాన్ని ముట్టుకోకుండానే వాయిస్తున్నారు. దగ్గరి దృశ్యాలు లేవు, అలంకారం లేదు. జనం నడుమ నలుగురు, పై వరసలవాళ్లకి నాలుగు చుక్కలు. దీనివల్ల దూరంగా ఉన్నవాళ్లకి అన్యాయం జరిగిందనేవాళ్లు ఉన్నారు. నా మటుకు నాకు ఈ ప్రదర్శన మొత్తంలో అన్నిటికన్నా ధైర్యమైన నిర్ణయం ఇదే. చూడటానికి ఏమీ లేనప్పుడు చెవులు తెరుచుకుంటాయి. లారీ ఎడమచేతి దెబ్బలో తేడా వినిపిస్తుంది, ఆడమ్ బేస్ ఎంత తక్కువ స్వరాలతో పాటను మోస్తుందో తెలుస్తుంది. 2023లో లాస్ వేగాస్‌లో స్ఫియర్ అనే గోళాకార మందిరంలో ఈ బృందం కచేరీలు మొదలుపెట్టినప్పుడు, శస్త్రచికిత్స కారణంగా లారీ స్థానంలో మరొకరు కూర్చున్నారు. నేరూల్‌లో నిలబడ్డవాళ్లకి ఆ రాత్రి ఇదేమీ తెలియదు. తెలిస్తే ఆ నడకని ఇంకాస్త జాగ్రత్తగా చూసేవాళ్లేమో.

నలుగురూ చిన్న వేదిక వదిలి వెనక్కి నడుస్తున్నారు. స్పీకర్లలోంచి ఒక పొడవాటి స్వరం, తంబుర శ్రుతిలా, సన్నగా మొదలై ఊరుతోంది. ఉన్నట్టుండి తెర మొత్తం ఎర్రబడింది. కుంకుమ ఎరుపు, ఈ చివర నుంచి ఆ చివరికి. ఇప్పుడు చుట్టూ చూడండి. స్టేడియం అంతా ఎర్రగా ఉంది, మన చేతులు ఎర్రగా ఉన్నాయి, పక్కనున్న తండ్రి నెరిసిన జుట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ముందు నాలుగు నల్లటి ఆకారాలు.

గిటార్ అందుకుంది. ఆరు స్వరాల చిన్న అల్లిక, ఆగకుండా తిరుగుతూ. 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్.' తాళం వేయాలని చూసేవాళ్లు ఇక్కడ తడబడతారు. తిశ్రంలో మొదలైన నడక, డ్రమ్స్ కలిసేసరికి చతురశ్రంలోకి మళ్లుతుంది. ఎడ్జ్ చేతుల్ని గమనిస్తే ఇంకో సంగతి బోధపడుతుంది. మనకి వినిపిస్తున్నన్ని స్వరాలు అతని వేళ్లు వాయించడం లేదు. డిలే అనే యంత్రం అతను మీటిన ప్రతి స్వరాన్నీ రెప్పపాటు ఆపి తిరిగి పలికిస్తుంది. ఆ ప్రతిధ్వని సరిగ్గా రెండు మీట్ల మధ్య ఖాళీలో పడాలి. లారీ వేగం వెంట్రుకవాసి తప్పితే రెండూ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమవుతుంది. ఇన్నేళ్ల సాధన ఆ ఖాళీలో ఉంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోవడం లేదు కూడా.

పాట పేలింది, ఎరుపు పోయింది. తెర మీద ఎడారి రోడ్డు. కోర్బైన్ తీసిన నలుపు తెలుపు దృశ్యం. కెమెరా ముందుకే వెళ్తోంది, రోడ్డు పక్కన మనుషులు నడుస్తున్నారు. అంత పెద్ద తెర మీద అంత స్పష్టంగా రోడ్డు మనవైపు దూసుకొస్తుంటే, స్టేడియమే కదులుతోందా అన్నట్టుంది. మైదానంలో వేలమంది గెంతుతున్నారు. కింద పరిచిన పలకల్లోంచి ఆ అదురు అరికాళ్లకి ఎక్కుతోంది. కూతురు గెంతుతోంది. తండ్రి కదలకుండా నిలబడి నోరు తెరిచి పాడుతున్నాడు. ఆయన గొంతు మనకి వినిపించడం లేదు.

ఇక్కణ్నుంచి ఆల్బమ్ వరస తప్పకుండా సాగుతుంది. రెండో పాటకి బోనో పాడటం ఆపి మైకు జనం వైపు తిప్పాడు. చెవి పెట్టి వింటే పాట రెండుగా చీలినట్టు తెలుస్తుంది. ముందువాళ్లు ఒక మాట ముగించేసరికి వెనకవాళ్లు ఆ మాట మధ్యలో ఉంటారు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది. వంద మీటర్ల అవతలున్నవాడికి పాట చేరడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది. ఇలాంటి చోట్ల వెనకవాళ్ల కోసం దూరంగా వేరే స్పీకర్లు పెడితే, వేదిక నుంచి శబ్దం వచ్చే క్షణానికే అవీ మోగేలా లెక్కకట్టి ఆలస్యం చేస్తారు. స్పీకర్లని అలా సర్దొచ్చు, జనాన్ని ఎవరు సర్దుతారు? నాకైతే ఆ చీలిక లోపంగా వినిపించలేదు. మైదానం ఎంత పెద్దదో అది చెవికి చెబుతుంది.

'రన్నింగ్ టు స్టాండ్ స్టిల్' అయిపోయింది. చిన్న విరామం. తండ్రి కూతురి వైపు వంగి, చేత్తో ఏదో తిప్పుతున్నట్టు చూపించాడు.

"ఇక్కడ క్యాసెట్ తిప్పాలె."

నిజమే, మొదటి వైపు ఇక్కడితో ఆఖరు. రెండో వైపు 'రెడ్ హిల్ మైనింగ్ టౌన్'తో మొదలవుతుంది. బొగ్గుగని కార్మికుల సమ్మె నేపథ్యంగా వచ్చిన ఈ పాటని 2017 దాకా వాళ్లు ఒక్క వేదిక మీదా వాయించలేదు. ఇప్పుడు తెర మీద క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీ వాద్యబృందం బూరలూదుతుంటే దాని ముందు నిలబడి పాడుతున్నారు. పాత ఆల్బమ్‌ని వరసగా వాయించడంలో ఉన్న సుఖం ఇది. హిట్ పాటలతో నింపేస్తే ఇలాంటివి ఎప్పటికీ అటక మీదే ఉండిపోతాయి. 'వన్ ట్రీ హిల్' కూడా అలాంటిదే. బృందం దగ్గర పనిచేసిన మావోరీ యువకుడు గ్రెగ్ క్యారల్ 1986లో డబ్లిన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోతే అతని కోసం రాసుకున్న పాట. ఆల్బమ్ 'మదర్స్ ఆఫ్ ద డిసపియర్డ్'తో ముగుస్తుంది. అర్జెంటీనాలో, ఎల్ సాల్వడార్‌లో మాయమైపోయిన బిడ్డల కోసం వీధుల్లో నిలబడ్డ తల్లులు. తెర మీద కొవ్వొత్తులు పట్టుకున్న ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఇప్పటిదాకా అరిచిన స్టేడియం అరవడం మానేసింది.

తర్వాత వచ్చే హుషారు పాటల గురించి ఎక్కువ చెప్పను. 'ఎలివేషన్', 'వర్టిగో', 'బ్యూటిఫుల్ డే', అందరూ ఎరిగినవే, అందరూ గెంతారు. చెప్పాల్సింది చివర్లో వచ్చిన అతిథి గురించి. ఎ.ఆర్. రెహమాన్ వేదిక మీదికి రాగానే లేచిన కేక, ఈ రాత్రి ఇంతవరకూ లేచిన ఏ కేకకీ తీసిపోదు. కిందటి నెలలోనే విడుదలైన 'అహింస' పాట రెహమాన్, యూటూ కలిసి చేసింది. ఆయన కూతుళ్లు ఖతీజా, రహీమా కూడా పాడుతున్నారు. ప్రాచీన గ్రంథం తిరుక్కురళ్‌లోని తమిళ పదాలు ఆ పెద్ద స్పీకర్లలోంచి నెమ్మదిగా బయటికొస్తున్నాయి. నిజం చెప్పాలంటే, యూటూ గొప్ప పాటల వరసలో దీన్ని నేను చేర్చను. కానీ నవీ ముంబైలో, డబ్లిన్ గిటార్ మీద, వెయ్యేళ్లకు పైబడిన తమిళం వినిపిస్తుంటే ఒళ్లు గగుర్పొడవకపోతే ఎలా?

ఆఖరి పాట 'వన్'. 1990లో బెర్లిన్‌లో కొత్త ఆల్బమ్ కుదరక, మాటా మాటా పెరిగి, నలుగురూ విడిపోయే దాకా వచ్చినప్పుడు స్టూడియోలో అనుకోకుండా దొరికిన పాట ఇది. ఇది లేకపోతే ఈ రాత్రీ లేదు. ఫోన్ల దీపాలు అన్ని వరసల్లోనూ వెలిగాయి. నలుగురూ వాయించడం ముగించి, ఒకరి పక్కన ఒకరు నిలబడి దండం పెట్టారు.

స్టేడియం లైట్లు పడ్డాయి. మెట్ల మీద తోపులాట, గేటు దగ్గర ఇంకా ఎక్కువ. తండ్రీ కూతురూ మన ముందే నడుస్తున్నారు.

"మొదట్లో తెర లేకుండ వాయించిండ్రు చూడు, గట్లనే చివరిదాక వాయిస్తే ఎట్లుండేదో" అంటున్నాడాయన.

"ఏంది నాన్నా! ఆ ఎర్రగైనప్పుడు నువ్వెట్ల పాడినవో చూసిన నేను."

"అది వేరే."

"ఏం వేరే?"

నేరూల్ స్టేషన్ మెట్లెక్కేదాకా ఇద్దరూ తేల్చుకోలేదు.