అడయారు పూంగా

అడయారు పూంగా చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ప్రజా ఉద్యానం. పాడైపోయిన 58 ఎకరాల చిత్తడి నేలను బాగుచేసి దీన్ని తీర్చిదిద్దారు. దీని అధికారిక నామం తొల్కాప్పియ పూంగా. తమిళంలో పూంగా అంటే ఉద్యానవనం. తొల్కాప్పియం ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం. నేలను ముల్లై, కురింజి, మరుదం, నెయ్దల్ అని అడవి, కొండ, పొలం, తీరం వారీగా వర్గీకరించిన గ్రంథం కూడా అదే. ఈ ఉద్యానాన్ని 2011 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి ఎం. కరుణానిధి ప్రారంభించారు. ప్రకృతి సంరక్షణే ముఖ్య లక్ష్యంగా, ఆ నేలకు సహజమైన నీటినీ చెట్లనూ ఆధారం చేసుకుని రూపుదిద్దిన ఉద్యానంగా ఇది చెన్నై చరిత్రలో ప్రత్యేకమైనది.

నగరంలో పూర్వపు ఉద్యానాలు

చెన్నైలో పెద్ద ప్రజా ఉద్యానాల చరిత్ర గవర్నర్ సర్ చార్లెస్ ట్రెవెల్యన్ కాలంలో, 1859 ప్రాంతంలో పూనుకున్న పీపుల్స్ పార్కుతో మొదలవుతుంది. సెంట్రల్ స్టేషన్ పక్కన వంద ఎకరాలకు పైగా విస్తరించిన ఆ పార్కులో కొలనులు, జంతుప్రదర్శనశాల ఉండేవి. తరవాతి కాలంలో మూర్ మార్కెట్, రిప్పన్ భవనం, క్రీడా మైదానం ఒకదాని తరవాత ఒకటిగా ఆ స్థలాన్ని ఆక్రమించాయి. జంతుప్రదర్శనశాల 1985లో వండలూరులో కొత్తగా వెలిసింది. పాత పార్కులో మిగిలింది కొద్ది భాగమే.

1920లలో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి త్యాగరాయనగర్ నిర్మించారు. దాని నడుమ వెలసిన పానగల్ పార్కుకు అప్పటి మద్రాసు ప్రధాని, తెలుగువాడైన పానగల్ రాజా పానగంటి రామరాయనింగారి పేరు పెట్టారు. ఆ పార్కు నగరవాసులకు నీడనిచ్చిందన్నది నిజం. అయితే దాని చుట్టూ వెలసిన పేట కింద ఒక చెరువు కనుమరుగైంది. నీటిని తొలగించి, పచ్చిక పరిచి, పూలమొక్కలు నాటడమే ఉద్యాన నిర్మాణమని ఆ కాలం భావించింది. అడయారు పూంగాలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధమైన పని. అక్కడ మొదట తిరిగి తెచ్చింది నీటినే.

స్థలం, పూర్వ స్థితి

అడయారు నది నగరానికి పడమటనున్న చెరువుల మిగులు నీటితో పుట్టి, సుమారు 42 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. నదీముఖం దగ్గర క్విబుల్ ద్వీపాన్ని చుట్టి ఉత్తరానికి సాగే ఉప్పుటేరు ఒకప్పుడు చేపలకు, వలస పక్షులకు ఆలవాలం. నగరం పెరిగేకొద్దీ మురుగు అందులోకి చేరింది. కూలగొట్టిన ఇళ్ల శిథిలాలు, చెత్త గుట్టలుగా పోగుపడ్డాయి. ఏటి ముఖాన ఇసుక మేట వేయడంతో సముద్రపు పోటు లోపలికి రావడం తగ్గింది. నీరు కదలక కుళ్లింది.

1990లలో ఈ భూమిలో నిర్మాణాలు తలపెట్టినప్పుడు పౌర సంఘాలు హైకోర్టును ఆశ్రయించాయి. ఒక భాగంలో అంబేద్కర్ స్మారక మణిమండపం వచ్చింది. మిగిలిన నేలను పర్యావరణ ఉద్యానంగా కాపాడాలన్న ఆలోచన క్రమంగా బలపడింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం అడయారు పూంగా ట్రస్టును ఏర్పాటు చేసింది.

రూపకర్తలు

ఉద్యాన ప్రణాళిక బాధ్యతను పుదుచ్చేరి దగ్గరి ప్రయోగాత్మక పట్టణం ఆరోవిల్‌కు చెందిన పిచ్చాండికుళం ఫారెస్ట్ కన్సల్టెంట్స్‌కు అప్పగించారు. ఆ బృందానికి నాయకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఆరోవిల్‌లో స్థిరపడ్డ జాస్ బ్రూక్స్. 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు అక్కడి నేల వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి దిబ్బ. 1970ల నుంచి అక్కడివారు కట్టలు వేసి, వాన నీటిని నిలిపి, మొక్కలు నాటి దాన్ని అడవిగా మార్చారు. పిచ్చాండికుళం అలా పెరిగిన అడవే. చచ్చిపోయిందనుకున్న నేల ఎంత కాలానికి, ఏ క్రమంలో కోలుకుంటుందో సొంత చేతులతో తెలుసుకున్న అనుభవం ఈ బృందాన్ని మిగతా రూపకర్తల నుంచి వేరుచేసింది.

నీరు, నేల

పని చెత్త తొలగింపుతో మొదలైంది. పూడుకుపోయిన చోట్ల తవ్వి ఉప్పుటేటికి లోతు తెచ్చారు, కుంటలను విస్తరింపజేశారు. తవ్విన మట్టితో దిబ్బలు, చిన్న ద్వీపాలు ఏర్పరిచారు. సముద్రపు పోటు చేరే చోట ఉప్పునీరు, ఎగువన వాననీరు నిలిచే మంచినీటి కుంటలు, ఈ రెండింటి నడుమ కలగలుపు నీరు ఉండేలా అమర్చారు. నీటిలో ఉప్పు శాతం మారేకొద్దీ అందులో బతికే మొక్కలు, చేపలు, పీతలు మారతాయి. అందువల్ల కొద్ది విస్తీర్ణంలోనే పలురకాల ఆవాసాలు ఏర్పడ్డాయి.

చెట్లు, జంతుజాలం

కోరమాండల్ తీరానికి సహజమైనది ఉష్ణమండల శుష్క సతతహరిత అరణ్యం. ఏడాదిలో అధిక భాగం వానలు లేకపోయినా ఆకు రాల్చని పొట్టి చెట్ల అడవి ఇది. పాల, నేరేడు, అల్లి, వాక, బలుసు ఇందులోని జాతులు. ఊళ్లకు, పొలాలకు, వంటచెరుకుకు బలై ఈ అడవి ఇప్పుడు తునకలుగా మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట దీవి, చెన్నైలోని గిండీ జాతీయ ఉద్యానం, పల్లెల్లో గ్రామదేవతల పేరిట నరకకుండా వదిలిన వనాలు దాని ఆనవాళ్లు.

పిచ్చాండికుళం బృందం ఇలాంటి వనాల నుంచి విత్తనాలు సేకరించి, నారు పెంచి, ఈ అడవికి చెందిన జాతులను పూంగాలో నాటింది. ఉప్పునీటి అంచుల్లో మడ మొక్కలు పెట్టారు. మడచెట్ల వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి, చేపపిల్లలకు, రొయ్యలకు దాపునిస్తాయి. నీరు తేటపడ్డాక నీటికాకులు, కొంగలు, బుడుబుంగలు, లకుముకి పిట్టలు ఇక్కడికి చేరాయి. ఒక జాతి మొక్క తిరిగొస్తే దాని మీద బతికే సీతాకోకచిలుక వస్తుంది, పురుగు వస్తే పిట్ట వస్తుంది. రూపకర్త చేయగలిగింది ఈ గొలుసులో మొదటి లంకెలను అమర్చడం మాత్రమే.

ప్రవేశం, విద్య

పూంగా తొలి ఏళ్లలో మిగతా పార్కుల్లా అందరికీ ఎప్పుడూ తెరిచి ఉండేది కాదు. బడిపిల్లలకు, ముందుగా పేరు నమోదు చేసుకున్న సందర్శకులకు మార్గదర్శకుల వెంట ప్రవేశం ఉండేది. ప్రజాధనంతో కట్టిన ఉద్యానంలోకి ప్రజలు స్వేచ్ఛగా పోలేకపోవడమేమిటన్న అభ్యంతరం వచ్చింది. గూడు కట్టే పక్షులు, ఇంకా వేళ్లూనని మొక్కలు రద్దీని తట్టుకోలేవన్నది నిర్వాహకుల వాదన. ప్రజా ఉద్యానం, సంరక్షణ క్షేత్రం అనే రెండు లక్ష్యాలు ఒకే స్థలంలో ఇమిడినప్పుడు ఈ పేచీ తప్పదు. అయినా చిత్తడి నేలను చూసి, తాకి, పాఠంగా నేర్చుకునే అవకాశం నగరంలోని ఎంతోమంది పిల్లలకు ఇక్కడే దొరికింది.

ఇతర దేశాల్లో పోలిక

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌ను ఒక వృత్తిగా నిలబెట్టిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి 1858లో న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశాడు. అడయారుకు దగ్గరి పోలిక మాత్రం 1870ల చివర అతడు బాస్టన్‌లో చేపట్టిన బ్యాక్ బే ఫెన్స్. అదీ మురుగుతో నిండిన ఉప్పు చిత్తడే. వరద నీటికి చోటిస్తూ, తీరప్రాంతపు మొక్కలతో దాన్ని పార్కుగా మలిచాడు. 1910లో చార్లెస్ నదికి ఆనకట్ట కట్టడంతో ఆటుపోట్లు ఆగి, అతడు నాటించిన ఉప్పునేల మొక్కలు నశించాయి. ఇలాంటి ఉద్యానం బతుకు దాని కంచె లోపల తేలేది కాదని, నది మొత్తం మీద ఆధారపడి ఉంటుందని ఆ అనుభవం చెబుతుంది.

ప్రభావం, పరిమితులు

పూంగా ట్రస్టు 2010లో చెన్నై నదుల పునరుద్ధరణ ట్రస్టుగా మారింది. పని 58 ఎకరాల నుంచి ఉప్పుటేటిలో, నదీముఖంలో మిగిలిన సుమారు 300 ఎకరాలకు, ఆపైన నదుల పునరుద్ధరణకు విస్తరించింది. నగరంలో చిత్తడి నేలలను చూసే తీరులోనూ ఈ కాలంలో మార్పు వచ్చింది. చెత్తకుప్పగా పేరుపడ్డ పళ్లికరణై చిత్తడిలో కొంత భాగాన్ని 2007లో రిజర్వు అటవీ ప్రాంతంగా ప్రకటించారు. 2022లో ఆ చిత్తడికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు లభించింది.

2015 డిసెంబరులో చెంబరంబాక్కం జలాశయం నుంచి వదిలిన నీరు, కుండపోత వానలు కలిసి అడయారు పొంగి నగరం మునిగింది. నదికి ఒదిగే చోటు ఉండాలన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. చిత్తడి నేల వాననీటిని కొంత పీల్చి నెమ్మదిగా వదులుతుంది. కానీ నది పొడవునా ఆక్రమణలుంటే ఒక్క ఉద్యానం వరదను ఆపలేదు. ఎగువ నుంచి శుద్ధి కాని మురుగు వస్తున్నంత కాలం ఉప్పుటేటి నీరు పూర్తిగా తేటపడదు. ఏటి ముఖాన ఇసుక మేటను ఎప్పటికప్పుడు తొలగిస్తేనే పోటు నీరు లోపలికి వస్తుంది, మడచెట్లు నిలుస్తాయి.